తప్పు చెప్పిన శోకం

మా పెద్దవాళ్ళ కాలంలో మా పాలెంలో మనిషి పోతే ఆ మనిషి మీద శోకం కట్టేవాళ్ళు. అది పాట కాదు, ఏడుపే. కానీ ఆ ఏడుపుకి ఒక రాగం ఉండేది, ఒక వరస ఉండేది, పోయిన మనిషి బతుకంతా అందులో ఉండేది. శోకాలు పెట్టడం అనేవాళ్ళు దాన్ని. ఆడవాళ్ళు వాకిట్లో గుండ్రంగా కూర్చుని, ఒకరి మెడ చుట్టూ ఒకరు చేతులు వేసుకుని, తలలు దగ్గర పెట్టుకుని ఊగుతూ ఉంటే, వాళ్ళలో పెద్దామె గొంతెత్తి మొదలుపెట్టేది. పోయినాయన ఎట్లా నడిచేవాడు, ఏ కూర ఇష్టంగా తినేవాడు, ఎవరి మీద అలిగి ఎన్నేళ్ళు మాట్లాడలేదు, కూతురిని అత్తారింటికి పంపిన రోజు ఎక్కడ దాక్కుని ఏడ్చాడు, అన్నీ వచ్చేవి. తక్కినవాళ్ళు ప్రతి మాట చివరా ‘ఓ నాయనో’ అని సాగదీసి అందుకునేవాళ్ళు. పక్క పాలెం నుంచి వచ్చిన కొత్తవాళ్ళు కూడా ఆ వాకిట్లో కాసేపు కూర్చుంటే చాలు, పోయినాయన వాళ్ళకి ఎప్పటినుంచో తెలిసినవాడు అయిపోయేవాడు.

సముద్రం ఒడ్డున ఉండే మా పాలేల్లోనే కాదు, తోటపల్లి గూడూరు వైపు వరి పండించే ఊళ్ళలోనూ, అటు నాయుడుపేట దాకానూ, ఒకప్పుడు వీధికి ఒక్కతైనా శోకం పెట్టగల మనిషి ఉండేదట. ‘ఉండేదట’ అని ఎందుకంటున్నానంటే, నాకు ఊహ తెలిసేసరికే అది చాలావరకు పోయింది. చేపలు అమ్ముకోవడానికి నెల్లూరు వెళ్ళివచ్చే కుర్రవాళ్ళకి ఆ ఏడుపు సిగ్గుగా అనిపించడం మొదలైంది. సంతలో ఎవరో మావాళ్ళ శోకాన్ని వెక్కిరించి పాడితే నలుగురూ నవ్వారట. అప్పటినుంచి పాలెం పెద్దలు కూడా, ఎందుకమ్మా ఆ కూతలు, గమ్మున, చప్పుడు లేకుండా ఏడవండి అనడం నేర్చారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడమే మర్యాద అనుకున్నారు. నైలాన్ వలలు ఇంకా మా తీరానికి రాలేదు. నూలు వలలకే చెట్ల బెరడు కాచిన రసం పట్టించుకుంటున్న రోజులు. వలలకంటే ముందు మారింది మా ఏడుపే.

మా చుట్టుపక్కల మిగిలింది ఒక్క మా పెద్దజేజి. మా నాయనని కన్నతల్లి ఆయన పాలు తాగే వయసులోనే పోతే, ఆమె అక్క అయిన పెద్దజేజే ఆయన్ని సాకింది. ఉప్పుకాలవ గట్టున, దక్షిణంగా ఉండే ఇంకో పాలెంలో ఒక్కతే ఉండేది. అక్కడ ఒకప్పుడు ఆమెతో కలిసి శోకాలు పెట్టే ఆడవాళ్ళు వాకిలి నిండా ఉండేవాళ్ళట. ఒక్కొక్కరే పోయారు. పోయినవాళ్ళ మీద మిగిలినవాళ్ళు శోకాలు పెడుతూ పెడుతూ చివరికి ఈమె మిగిలింది. “ఇంగ నేను ఎవురి మెడ మీద చెయ్యేసేది?” అని నవ్వేది. ఆ నవ్వు నాకప్పుడు నవ్వులాగే ఉండేది.

ఒక ఏడు కార్తీకంలో మా నాయన సముద్రంలో పోయాడు. పక్కింటి అక్క మొగుడూ మా నాయనా కలిసి ఒకే తెప్ప మీద వేటకి పోయేవాళ్ళు. తెల్లారకముందు నేల మీద నుంచి గాలి వీస్తుంటే బయలుదేరి, పొద్దెక్కాక సముద్రపు గాలి పట్టుకుని తిరిగి రావడం అలవాటు. ఆ రోజు పొద్దెక్కకముందే ఆకాశం నల్లబడింది. గాలి తిరిగింది. ఒడ్డున నిలబడ్డ మాకు అలల మీద తెల్లటి నురగ తప్ప ఇంకేమీ కనిపించలేదు. మర్నాడు తెప్ప దుంగలు విడివిడిగా ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఆ తర్వాత పక్కింటి అక్క మొగుడు శవమై దొరికాడు. మా నాయన దొరకలేదు.

దొరకకపోవడమే మా అమ్మ పట్టుకుని కూర్చుంది. చాలా ఏళ్ళ కిందట మా పాలెంవాడే ఒకడు ఇలాగే గాలికి కొట్టుకుపోయి, దక్షిణాన ఎక్కడో తమిళం మాట్లాడే ఊరి ఒడ్డుకి చేరి, అక్కడివాళ్ళు గంజి పోసి బతికిస్తే, సూళ్లూరుపేట మీదుగా రైల్లో తిరిగి వచ్చాడు. ఆ సంగతి పాలెంలో అందరికీ తెలుసు. అందుకని మొదట్లో అమ్మకి ఎవరూ ఎదురు చెప్పలేదు. రోజులు గడిచాయి. మా పాలెం మనుషులు దక్షిణపు రేవులన్నీ తిరిగి ఉత్త చేతులతో వచ్చారు. అప్పుడు పెద్దలు మెల్లగా కర్మ చెయ్యాలన్న మాట ఎత్తారు. అమ్మ ఆ మాట వినబడనట్టే ఉండిపోయింది.

ఆమె ఏడవలేదు. దాదాపు మాట్లాడటమే మానేసింది. రాత్రి అన్నం వండి నాయన వాటా కుండలో తీసిపెట్టేది. పొద్దున్నే అది తీసుకెళ్ళి కోళ్ళకి వేసి, కుండ కడిగి మళ్ళీ బోర్లించేది. పగలంతా చూరు కింద కూర్చుని నాయన వల బాగుచేసేది. చిరుగులన్నీ ఎప్పుడో అయిపోయాయి. బాగున్న చోటే విప్పి మళ్ళీ అల్లేది. ఎవరైనా పలకరిస్తే, “వొస్తాడు. ఆడ ఉండాడు. దోవ తెలీకుండా ఉండాడు” అనేది. అంతకు మించి ఒక్క మాట లేదు.

నా తమ్ముడు అప్పుడు చంటిపిల్లవాడు. ఏడిస్తే ఎత్తుకుని పాలిచ్చేది గాని వాడి ముఖం చూసేది కాదు. కొన్నాళ్ళకి ఆమెకి పాలు ఇంకిపోయాయి. నేను వాడిని చంకనేసుకుని, మేక ఉన్న ఇళ్ళ చుట్టూ పాల కోసం తిరిగేదాన్ని. వాడి తొడలు సన్నబడిపోయాయి, ఏడుపు కూడా సన్నబడిపోయింది. అది చూసి నాకు సముద్రం కంటే ఇంటి లోపలే ఎక్కువ భయం వేసేది. నాయన పోయాడు, అమ్మ కూడా కూర్చున్న చోటినుంచే పోతోంది, తమ్ముడు నా చంకలో తేలికైపోతున్నాడు. చిన్నదాన్నే అయినా అంతవరకు నాకు తెలుస్తూనే ఉంది.

పెద్దజేజిని పిలుద్దామని ఎవరో అంటే, అమ్మ చాలా రోజుల తరువాత తలెత్తి చూసింది. “ఆయమ్మ నా గడప తొక్కితే నా మొగుడు పొయ్యినట్టే. పిలిచినోళ్ళు ఇంగ నా మొకం చూడొద్దు” అంది. ఆ తర్వాత ఎవరికీ ధైర్యం చాలలేదు.

వెళ్ళింది పక్కింటి అక్క. మొగుడు పోయిన మనిషి, చేతులకి గాజులు లేవు. అలాంటి మనిషి వీధిలోకి రావడమే తప్పని చూసే రోజులు. ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా కాలవ గట్టు దాకా నడిచి, ఉప్పు బస్తాల పడవ ఎక్కి పెద్దజేజి ఉండే పాలెం వెళ్ళింది. తరువాత నాతో చెప్పింది. “మా ఆయన పొయ్యిననాడు పెద్దోళ్ళు గమ్మున ఏడవమంటే గమ్మున ఏడ్చినా పాపా. అది ఇంగా ఈడనే ఉండిపొయ్యింది” అని గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూపించింది. “మీ అమ్మకి ఆ మాత్రం కూడా లేదు గదా.”

మధ్యాహ్నానికి ఇద్దరూ వచ్చారు. పెద్దజేజి నల్లగా, పొట్టిగా, తెల్లటి జుట్టుతో ఉండేది. నడుము వంగింది గాని గొంతు వంగలేదు. నన్ను చూసి ఒక్కసారి తల నిమిరింది. తమ్ముడిని నా చంకలోంచి తీసుకుని, బరువు చూసి, పక్కింటి అక్క చేతికిచ్చింది. తరువాత అమ్మ కూర్చున్న చోటికి కాస్త దూరంగా, గడప తొక్కకుండా, వాకిట్లో ఇసుక మీదే చతికిలబడింది. అమ్మ తలెత్తలేదు. వల మీద వేళ్ళు ఆగలేదు.

పెద్దజేజి ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. చేతులు మోకాళ్ళ చుట్టూ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టింది. తరువాత ఆ గొంతు లేచింది. నేనంతకుముందు ఆమె శోకం విన్నదాన్ని కాదు.

“ఓ నా నాయనో… నే సాకిన నా తండ్రో…
తాటిమానంత పొడుగోడివే నాయనో…
వాకిట్లో నిలబడితే చూరు తగిలే తండ్రో…”

అమ్మ వేళ్ళు వల మీద ఆగిపోయాయి. తిట్టి వెళ్ళగొడుతుందని భయపడి నేను గుంజ వెనక్కి జరిగాను. అమ్మ తిట్టలేదు. ముఖం చిట్లించుకుని చూసింది.

“అత్తా, ఎవుర్ని గురించి చెప్తా ఉండావు?” అంది. “ఆయన యాడ పొడుగు? నా చెవి కాడికి వొస్తాడు.”

పెద్దజేజి వినిపించుకోలేదు. పొడుగు సంగతి వదిలి తిండి సంగతికి వెళ్ళింది.

“వంజరం ముక్క లేందే ముద్ద దిగని నా తండ్రో…
నీకెవురు వొండి పెడతారు నాయనో…”

“వంజరమా?” అమ్మ వల ఒళ్ళోంచి పక్కకి నెట్టింది. “వంజరం ఈ ఇంట్లో పొయ్యెక్కిందెప్పుడు? అది సంతకు పోతాది. ఆయన తినేది నెత్తళ్ళు. రొండు పూట్లా నెత్తళ్ళే. నీకు తెలీదా అత్తా?”

నాకు కూడా ఆశ్చర్యంగానే ఉంది. వంజరం అమ్ముకునే ఖరీదైన చేప, నాయన వేలెడంత నెత్తళ్ళ వేపుడు తప్ప అడగడని నాకే తెలుసు. చేత్తో అన్నం తినిపించి పెంచిన ఆమెకి తెలియకపోవడమేమిటి? ముసలితనం వల్ల మరిచిపోయిందేమో అనుకున్నాను. పక్కింటి అక్క కూడా కంగారుగా ఆమె వైపు చూసింది. పెద్దజేజి కళ్ళు తెరవలేదు.

“నోట్లో నాలిక లేని నా తండ్రో…
పిలిస్తే గాని పలకని నాయనో…”

అమ్మ నోటి నుంచి ఒక చప్పుడు వచ్చింది. అది నవ్వా అని ఇప్పటికీ అనుకుంటాను. నవ్వే అయ్యుండాలి. “నోట్లో నాలిక లేదా ఆయనకి!” అని పక్కింటి అక్క వైపు తిరిగింది. ఇన్నాళ్ళలో ఒక మనిషి వైపు ఆమె తనంతట తిరిగి చూడటం అదే మొదలు. “చెప్పుమే. సముద్రంలో కూడా నోరు మూయడని మీ ఆయన చెప్పలా?”

పక్కింటి అక్క తమ్ముడిని గుండెకి ఆనించుకుని, “చెప్పినాడు” అంది. “చేపలు బెదురుతాయిరా, గమ్మునుండరా అంటే, నా మాటలు వినే దానికే వొస్తా ఉండాయిరా చేపలు, అనేవాడంట. ఇంటికొచ్చి అది చెప్పి చెప్పి నవ్వేవాడు మా ఆయన.”

వాకిట్లోకి అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి దూరంగా నిలబడ్డారు. పెద్దజేజి గొంతు ఈసారి ఇంకా పైకి లేచింది.

“పెళ్ళానికి చెప్పకుండా పొయ్యినావే నాయనో…
బిడ్డల మొకమన్నా చూడకుండా పొయ్యినావే తండ్రో…”

అమ్మ లేచి నిలబడింది.

“చెప్పినాడు!” అని అరిచింది. “అబద్ధాలు చెప్పొద్దత్తా. చెప్పకుండా పోలేదు ఆయన. వాకిలి దాకా పొయ్యి మళ్ళా లోపలికొచ్చినాడు. పొగాకు మర్చిపొయ్యినాడేమో అనుకున్నా. పిల్లోడి నోట్లో ఏలు పెట్టి, ‘పన్నొచ్చిందిమే, కొరికినాడు చూడు’ అన్నాడు. పిల్లోడు లేస్తాడు, నువ్వు పో ముందు, అని కసిరినా. నవ్వతానే పొయ్యినాడు. ఎంత నవ్వతా ఉండె… ఆ పొద్దు ఎంత నవ్వతా ఉండె మనిసి…”

అక్కడ ఆగిపోయింది.

అన్ని రోజులూ మా అమ్మ నాయన గురించి ‘ఉండాడు’ అనే అంటూ వచ్చింది. వస్తాడు, తింటాడు, నోరు మూయడు. అంతకు ఒక్క నిమిషం ముందు కూడా అలాగే అంది. ఇప్పుడు ‘ఉండె’ అంది, ఒకప్పుడు ఉండేవాడు అన్నట్టు. ఎవరూ అనిపించలేదు. ఆయన నవ్వు గుర్తు తెచ్చుకుంటూ ఉంటే ఆ మాట దానంతటదే వచ్చేసింది. తన నోటి నుంచి వచ్చిన మాటని తనే విన్నట్టు అమ్మ మా అందరి వైపు చూసింది. తరువాత మోకాళ్ళు మడిచి ఇసుకలో కూలబడింది.

అప్పుడు తెరిచింది పెద్దజేజి కళ్ళు. పాకుతున్నట్టుగా జరిగి వచ్చి అమ్మ మెడ చుట్టూ చెయ్యి వేసింది. అమ్మ గొంతులోంచి మొదట గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ తర్వాత వచ్చిన ఏడుపుకి నేను చెవులు మూసుకున్నాను. కాసేపటికి ఆ ఏడుపు ఒక దారి పట్టింది. వంకరగా, తడబడుతూ, పెద్దజేజి రాగంలోకే వెళ్ళింది. అమ్మకి ఆ రాగం ఎవరూ నేర్పలేదు. చిన్నతనంలో వాళ్ళ అమ్మమ్మ దగ్గర విన్నదేమో. “నా చెవి కాడికి వొచ్చే నా రాజో… నెత్తళ్ళ తలకాయలు తీసి నాకు పెట్టే నా రాజో…” అంటూ అమ్మ తనే కట్టుకుపోయింది. పెద్దజేజి ఇప్పుడు ఒక్క మాట కూడా కలపలేదు. ప్రతి మాట చివరా ‘ఓ నాయనో’ అని మాత్రం అందుకుంది.

పక్కింటి అక్క పిల్లవాడిని నా ఒళ్ళో పెట్టి వెళ్ళి వాళ్ళ మధ్య దూరింది. అమ్మ ఒక చెయ్యి చాచి ఆమెని దగ్గరికి లాక్కుంది. కాసేపు మా నాయన, కాసేపు ఆమె మొగుడు. ఒకే తెప్ప మీద పోయినవాళ్ళు ఒకే శోకంలో వచ్చారు. దూరంగా నిలబడ్డవాళ్ళలో ముసలివాళ్ళిద్దరు వచ్చి కూర్చున్నారు. సిగ్గుపడుతూనే ఇంకొకామె. గమ్మున ఏడవమన్న పెద్దల్లో ఒకాయన వీధి మొదట్లో నిలబడి ఉన్నాడు. అటు నుంచి ముందుకీ రాలేదు, ఎవరినీ వారించనూ లేదు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. మా పాలెంలో నేను చూసిన నిండు శోకం అదొక్కటే. నాకు తెలిసి ఆ తర్వాత ఇంకెక్కడా జరగలేదు.

పొద్దు వాలాక అమ్మ నోరు కడుక్కుని, తమ్ముడిని ఒళ్ళోకి తీసుకుని, వాడి పెదవి కిందికి లాగి పన్ను చూసింది. తరువాత నా వైపు చూసి, “అన్నం తిన్నావా?” అంది. నేను తినలేదన్నాను. లేచి పొయ్యి ముట్టించింది. ఆ రోజు నాయన వాటా తీసిపెట్టలేదు. గాజుల సంగతి ఎవరో ముసలామె ఎత్తబోతే, “ఈ పొద్దు గాదు” అని పెద్దజేజి ఒక్క మాటతో ఆపేసింది.

ఇంకా వెలుగు ఉండగానే ఆమెని పడవ ఎక్కించడానికి నేను కాలవ గట్టు దాకా వెళ్ళాను. ఉండమని అమ్మ ఎంత బతిమాలినా ఉండలేదు. దారంతా నేను ఒకటే ఆలోచిస్తున్నాను. గట్టెక్కాక అడిగేశాను.

“జేజీ, నాయన పొట్టోడని నీకు తెలీదా?”

“తెలీకేం బిడ్డా. వాడికి మొలతాడు కట్టింది నేను.”

“మరి నెత్తళ్ళు?”

“వాడికి నెత్తళ్ళు ముల్లు తీసి తినిపించింది నేనే గదా.”

“మరి ఎందుకట్టా అన్నావు?”

పెద్దజేజి గట్టు మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. “నేను సరిగ్గా చెప్పుంటే మీ అమ్మ ఇనేది. అంతే. ఇనే దానికి నోరు తెరిచే పనిలేదు గదా. ఆమె మొగుడు ఆమె నోట్లోంచి రావాల బిడ్డా, నా నోట్లోంచి గాదు. తప్పు చెప్తే మనిసి ఊరుకోలేదు. మనోళ్ళని ఎవురన్నా తప్పు చెప్తే ఎవురూ ఊరుకోలేరు.” కాళ్ళ మీద ఇసుక దులుపుకుని, “మా అమ్మ చెప్పింది నాకు ఈ ఉపాయం. నేను చెప్పే దానికి ఎవురూ లేరు. నువ్వు అడిగినావని చెప్తా ఉండా” అంది.

పడవ ఇంకా రాలేదు. కాలవ నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఆమె ముఖం అలిసిపోయి ఉంది గాని తడిగా లేదు. అంతమందిని ఏడిపించి ఆమె ఒక్క చుక్క కన్నీరు కార్చలేదని అప్పుడు గమనించాను. పెద్దవాళ్ళు చేసింది పిల్లలు చేసి చూస్తారు. నేనూ చేసి చూడాలనుకున్నాను. అంతకంటే మంచి ఆలోచనేదీ నాకు లేదు.

“నాయనకి ఈత రాదు గదా జేజీ” అన్నాను.

ఆమె చటుక్కున నా వైపు తిరిగింది. నేనెందుకన్నానో ఆమెకి తెలిసిపోయింది. తెలిసి కూడా ఊరుకోలేకపోయింది.

“ఈత రాదా?” అంది. “వాడికి ఈత రాదా? నడక రాకముందు ఈతొచ్చింది వాడికి. ఇదో, ఈ కాలవలోనే. నేను గుడ్డలు ఉతకతా ఉంటే జారి పడినాడు. నేను కేకేసి దూకేలోపల కప్ప మాదిరి తేలి నవ్వతా ఉండాడు. ఇంత పిల్లోడు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి, ఆ గట్టు నుంచి ఈ గట్టుకి…” చెయ్యి అవతలి గట్టు వైపు చాచి అలాగే ఉండిపోయింది. “ఎంతీత వొస్తే ఏం బిడ్డా… ఎంతీత వొస్తే ఏం…”

ఏడ్చింది. ఆ ఏడుపులో రాగం లేదు, వరస లేదు, ఒక్క మాట లేదు. ఊళ్ళన్నిటి చావులకీ శోకాలు కట్టిన మనిషి తన కొడుకు కోసం దిక్కులేనిదానిలా, గొంతు పగిలిపోయేలా ఏడ్చింది. నాకేం చెయ్యాలో తెలియలేదు. ఆమె మెడ చుట్టూ చెయ్యి వేద్దామంటే నా చెయ్యి అటు భుజం దాకా అందలేదు. అందినంతవరకు వేశాను. అంతసేపూ ఏడవని నాకు కూడా అప్పుడు ఏడుపు వచ్చింది. పడవవాళ్ళు వచ్చి, మమ్మల్ని చూసి, తాడు కట్టి, మా ఏడుపు ఆగేదాకా గట్టు మీదే కూర్చున్నారు.

పెద్దజేజి ఆ తర్వాత కొన్నేళ్ళు బతికింది. ఆమె పోయేసరికి నేను పెద్దదాన్నయ్యాను. మేమంతా వెళ్ళాం. వాకిట్లో చాలామంది ఆడవాళ్ళు కూర్చున్నారు గాని శోకం ఎత్తుకునేవాళ్ళు లేరు. అమ్మ మొదలుపెట్టబోయింది. ఒక్క మాట పలికి, రాగం అందక, కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కింటి అక్క అప్పటికే పాలెంలో లేదు, పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళిపోయారు. నాకు ఆ రాగం మొదటి సాగదీత ఒక్కటే గుర్తుంది. దాని మీద మాట నిలపడం చేతకాదు. ఇప్పుడు కాలవలో పడవలూ లేవు. మా పాలెం దాకా రొయ్యల గుంటలు వచ్చేశాయి. ఎప్పుడైనా లోపలి ఊళ్ళలో చావుకి వెళితే, ఒక్కోచోట ఒక ముసలామె ఉన్నట్టుండి గొంతెత్తుతుంది. ఆ సాగదీతే. పక్కనున్న ఎవరో ఆమెని లోపలికి తీసుకెళ్ళి మంచినీళ్ళిస్తారు. అంతటితో ఆగిపోతుంది.

మా అమ్మ ముసలితనం వచ్చి, నెల్లూరులో మా తమ్ముడి ఇంట్లో పోయింది. వచ్చినవాళ్ళందరూ మర్యాదస్తులు. అమ్మ మంచి మనిషి అన్నారు, ఎంతో కష్టపడి మిమ్మల్ని పైకి తెచ్చింది అన్నారు, పుణ్యాత్మురాలు అన్నారు. అన్నీ నిజాలే. ఒక్కరు కూడా ఒక్క తప్పు చెప్పలేదు. కాదు, మా అమ్మ అట్లా కాదు, అని లేవడానికి నాకేమీ దొరకలేదు. తలూపుతూ, వచ్చినవాళ్ళకి నమస్కారం పెడుతూ ఆ రోజంతా పొడి కళ్ళతో గడిపాను. ఆ పొడితనం చాలా కాలం నాలో ఉండిపోయింది.

నేను శోకం పెట్టలేను. పెద్దజేజి దగ్గర్నుంచి నాకు మిగిలింది ఆ ఒక్క ఉపాయమే. చావు జరిగిన ఇంటికి వెళితే నేను మంచి మాటలు చెప్పను. చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను పక్కన కూర్చుని ఒక తప్పు మాట అంటాను. ఈ ముసలామెకి మతిమరుపు వచ్చిందని కొందరు అనుకుంటారు. అనుకోనిస్తాను. మొన్న మా వీధి చివర ఇంట్లో ఒకాయనకి భార్య పోయింది. ఆయన కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళ వైపు కాకుండా గోడ వైపు చూస్తూ ఉన్నాడు. నేను వెళ్ళి స్టూలు మీద కూర్చుని, “ఆమెకి కోపం చాలా ఎక్కువ కదా నాయనా, ఎప్పుడూ కసురుతూ ఉండేది” అన్నాను. ఇంట్లోవాళ్ళు నా వైపు ఉరిమి చూశారు. ఆయన గోడ మీద నుంచి చూపు తిప్పి నా ముఖంలోకి చూశాడు. “లేదమ్మా” అన్నాడు. “ఎవరు చెప్పారమ్మా నీకు? నలభై ఏళ్ళలో ఒక్కసారి కసిరింది నన్ను. అదీ ఎందుకో తెలుసా…” అని మొదలుపెట్టాడు.

నేను నోరు మూసుకుని, స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను.